అల్లుడి జేబులో ఫ్లాపీ

మా ఇంట్లో కంప్యూటర్‌కు అసలు కాపలా మా నాన్న, మేం పిలిచే పేరుతో బాపు. యాంటీవైరస్ అనేది ఒక ఫ్లాపీలో ఉండేది గానీ, అది బాపు చేతిలో పనిముట్టు మాత్రమే. ఇంటి కంప్యూటర్‌కు ఫైర్‌వాల్ అని ఒకటి ఉండాలని చాలా ఏళ్ల తర్వాత ఎక్కడో చదివి నాలో నేనే నవ్వుకున్నాను. మా మందమర్రి ఇంట్లో అది తొంభైలలోనే ఉండేది. లుంగీ, బనియనుతో గుమ్మం పక్కన కుర్చీ వేసుకొని కూర్చునేది.

బాపు బొగ్గు బాయి మీద తనిఖీ పని చేసి రిటైరయ్యాడు. బాయిలోకి బీడీ, అగ్గిపెట్టె పోకూడదు. లోపల గ్యాస్ ఉంటుంది, ఒక్క పుల్ల గీస్తే చాలు. అందుకని దిగే ప్రతి మనిషి జేబులూ తడిమి పంపాలి. బీడీ కట్ట దొరికితే కిటికీ మీద పెట్టి, "ఎక్కొచ్చినంక తీస్కపో" అనేవాడట. కొత్తగా వచ్చిన మేనేజర్ ఒకసారి గబగబా దిగబోతుంటే ఆపి, ఆయన జేబులోంచి సిగరెట్ పెట్టె తీశాడు. ఈ కథ వినకుండా మా ఇంట్లో ఎవరూ చాయ్ తాగి ఎరగరు. చెప్పిన ప్రతిసారీ మేనేజర్ కాస్త పొడుగయ్యేవాడు. నాకు ఊహ తెలిసేసరికి ఆయనకు మీసాలు కూడా మొలిచాయి.

నేనప్పుడు కరీంనగర్‌లో ఎమ్మే చివరి ఏడాది చదువుతున్నాను. బాయి షిఫ్టులను బట్టి మా కాలనీ ఆడవాళ్ల రోజు ఎట్లా గడుస్తుందో చూసి ఒక థీసిస్ రాయాలి. టైపు చేసుకోవడానికని బాపు ఒక పాత కంప్యూటర్ కొన్నాడు. కరీంనగర్ నుంచి దాన్ని బొంతలో చుట్టి, బస్సులో కిటికీ పక్క సీటు దానికిచ్చి, తను నిలబడి వచ్చాడు. మా అమ్మ, అదే మా అవ్వ, మాత్రం నాకు ముందే చెప్పింది. "ఈ ఏడు ఒక్కటే. పాసైతివా సరే, లేకుంటే పుస్తకాలు మూట గట్టుడే." అవ్వ మాటంటే మాటే, దానికి అప్పీలు లేదు.

కంప్యూటర్ అమ్మినతను వైరస్ గురించి పాఠం మొదలుపెట్టాడు. బయటి ఫ్లాపీ ఏది వచ్చినా ముందు యాంటీవైరస్‌తో చూడాలి, ఎర్ర అక్షరాలు వచ్చాయంటే అందులో రోగం ఉన్నట్టు. బాపు మధ్యలోనే చేయెత్తి ఆపాడు.

"నాకు సమజైంది. దిగెటోని జేబు చూసి దించుమంటున్నవు, అంతే గదా?"

అంతే. అంతకన్నా బాగా ఇప్పటిదాకా నాకెవరూ చెప్పలేదు.

ఆ రోజునుంచి బాపుకు మళ్లీ కొలువు దొరికినట్టయింది. గుమ్మం దగ్గర స్టీలు పళ్లెం పెట్టాడు. ఎవరు వచ్చినా ఫ్లాపీ పళ్లెంలో వెయ్యాలి. నేను యాంటీవైరస్ నడిపించాలి. ఇంగ్లీషు ఒక్క ముక్క రాకపోయినా ఆయన తెరముందు వంగి ఎర్ర రంగు కోసం వెతికేవాడు. ఎదురింటి సారు ఫ్లాపీలో ఏదో దరఖాస్తు తెచ్చాడు, బాపు చూశాడు. నా క్లాసు పిల్ల తెచ్చింది, చూశాడు. చర్చి పాస్టరు గారు పాటల కాగితం అచ్చు తీసుకోవడానికి వచ్చి, ఇందులో దేవుని పాటలే ఉన్నాయయ్యా అన్నారు. దేవుని పాటలైనా చూసే దించాలని బాపు పళ్లెం ముందుకు జరిపాడు. థీసిస్‌కు వేరే ఫ్లాపీలో నకలు తీసుకోవాలని నాకు తెలుసు. కానీ బాపు ఉండగా మనకేం ఫికర్ అని మొదటి అధ్యాయం తర్వాత ఆ జోలికే పోలేదు.

థీసిస్ ఇవ్వడానికి ఇంక తొమ్మిది రోజులున్నాయనగా ఒక ఆదివారం హుజూరాబాద్ నుంచి మా బావ ఒక్కడే వచ్చాడు. మా అక్క భర్త, ఎరువుల దుకాణం ఆయనది. నెలన్నర కంప్యూటర్ కోర్సు చేసినప్పటినుంచి ఆయన తెలివికి చొక్కా చాలడం లేదు. జేబులోంచి ఫ్లాపీ తీసి, "మామా, జాతకాల సాఫ్ట్‌వేర్ తెచ్చిన. మీ జాతకం మొత్తం తీస్త" అన్నాడు.

నేను పళ్లెం పట్టుకొని ముందుకు పోయాను. బాపు నా చెయ్యి పట్టి ఆపి, గొంతు తగ్గించి అన్నాడు. "అల్లుని జేబు చూస్తరా బిడ్డా? ఇజ్జత్ ఉండాలె."

నాకు ఒళ్లు మండింది. నోరు తెరవబోతే వంటింట్లోంచి అవ్వ చూసిన చూపుకు మూసుకున్నాను. బావ దర్జాగా కూర్చొని ఫ్లాపీ పెట్టాడు. ప్రింటర్ గరగరమని బాపు జాతకం అచ్చుకొట్టింది. ఆయనకు ఆ వారం యంత్రలాభం ఉందట!

మర్నాడు పొద్దున కంప్యూటర్ తెరుచుకోలేదు. అమ్మినతని దగ్గరికి తీసుకుపోతే, వైరస్ డిస్కు మొత్తం తుడిచేసిందని, బయటి ఫ్లాపీ నుంచే వచ్చిందని చెప్పి, టైపుకు కావలసింది మళ్లీ ఎక్కించి ఇచ్చాడు. ఇంటికి తెచ్చాక బాపు మూడుసార్లు యాంటీవైరస్ నడిపించమన్నాడు. దొంగలు పడ్డ ఆరునెల్లకు కుక్కలు మొరిగినట్టు, థీసిస్ పోయిన డిస్కులో ఇప్పుడు చూసేదేముంది?

బావ ఫోన్‌లో విని, మీ కాలనీలో కరెంటు మంచిది కాదు, దానివల్లే అయి ఉంటుందన్నాడు. ఇంట్లో అందరికీ ప్రాణం లేచొచ్చింది. అవునవును, కరెంటే అన్నది అవ్వ. సాయంత్రానికల్లా బాపు ఒక స్టెబిలైజర్ తెచ్చి కంప్యూటర్ పక్కన పెట్టాడు. నేరం చేసిన కరెంటుకు సంకెళ్లు వేసినట్టు దాని వైరు చుట్టూ దారం కూడా కట్టాడు. అవ్వ దానికి బొట్టు పెట్టింది.

నా దగ్గర చేత్తో రాసిన కాగితాలున్నాయి. రెండు నెలల టైపింగు ఒక్క వారంలో మళ్లీ చెయ్యాలి. సంగతి తెలిసి అక్క ఎవరికీ చెప్పకుండా బస్సెక్కి వచ్చింది, నాకు కాగితాలు చదివి పెట్టడానికి. ఆమె గుమ్మంలో బ్యాగు ఇంకా దించనే లేదు, అప్పటికే నేను బాపు మీద విరుచుకుపడుతున్నాను.

"మేనేజర్ జేబు చూసినోనివి, గీ ఒక్క జేబు చూడకపోతివి."

బాపు పళ్లెం తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. "మేనేజర్ జేబు చూస్తె నా నౌకరి పోతుండె, అంతే. అల్లుని జేబు చూస్తె నా బిడ్డ కాపురం ఏమైతదో అని భయమైంది."

గుమ్మంలో అక్క ఆ మాట విన్నది. లోపలికి వచ్చి, చేతులు కడుక్కొని, మొదటి కాగితం తీసి చదవడం మొదలుపెట్టింది. ఆరు రోజులు ఆమె చదివింది, నేను టైపు కొట్టాను. చివరి రోజు సాయంత్రం కరీంనగర్‌లో ఆఫీసు మూస్తుంటే ఇచ్చి వచ్చాను. పాసయ్యాను. కానీ బాపు మీద కోపం మాత్రం పోలేదు. తప్పు చేసినందుకు కాదు, ఆ స్టెబిలైజర్ కొన్నందుకు.

దసరాకు అక్కా బావా ఇద్దరూ వచ్చారు. బావ చెప్పులు విడుస్తూనే జేబులోంచి ఫ్లాపీ తీశాడు. జాతకాల కొత్త సాఫ్ట్‌వేర్ అట, మునుపటికన్నా ఎక్కువ చెబుతుందట. బాపు కుర్చీలోంచి సగం లేచి ఆగిపోయాడు. అక్క ఆ ఫ్లాపీని భర్త చేతిలోంచి మెల్లగా తీసుకొని పళ్లెంలో వేసింది.

"అందరియి చూస్తున్నరు. మనది గూడ చూడనియ్యుండ్రి."

నేను యాంటీవైరస్ నడిపించాను. ఎర్ర అక్షరాలు వరసగా వచ్చాయి. బావ స్టెబిలైజర్ వైపు చూశాడు.

బాపు లేచి ఫ్లాపీని తీసి కిటికీ మీద పెట్టాడు. "పోయెటప్పుడు తీస్కపోండ్రి, అల్లుడా."

బావ తల గోక్కొని, సరే మామా అన్నాడు. అంతే. కాళ్లు కడుక్కొని భోజనానికి కూర్చున్నాడు. కూర బాగుందని రెండోసారి వేయించుకున్నాడు, అక్క వడ్డించింది. ఎదురుగా కూర్చున్న బాపు అన్నం కలిపి, తినకుండా అల్లుడినే చూస్తూ ఉండిపోయాడు. ఇన్నాళ్లూ తను భయపడ్డది ఇంతమాత్రానికా అన్నట్టు.