పాతర మీద బండ

మా ఊళ్ళో ఆ కథ ఎవరు చెప్పినా ఒకేలా మొదలుపెడతారు. పాడుబడిన పెద్ద మిద్దెలో మా మామ ఒక మనిషిని చంపి, పాతరలో వేసి, పైన బండ మూశాడని. వినీ వినీ విసుగొచ్చింది. వాదించీ వాదించీ గొంతూ అరిగింది. అయినా ఇంకోసారి చెబుతాను. అది అబద్ధం.

కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. జమ్మలమడుగుకు దగ్గర్లో, పెన్న ఒడ్డున మా ఊరు. పెద్ద మిద్దె వాళ్ళు వ్యాపారం పెట్టుకుని ప్రొద్దుటూరు వెళ్ళిపోయారు. ఏటా వానలకు ముందు పైకప్పు మీద చౌడుమట్టి పోసే దిక్కు లేక మిద్దె కురిసింది, గోడలు జారాయి. టేకు దూలాలు మిగిలాయి, వసారాలో జొన్నలు దాచే పాతర మిగిలింది. నేలలో నిలువెత్తు మనిషి మునిగేంత గొయ్యి అది. మనిషి దూరేంత నోరు, దాని మీద బండ.

ఆ ఇంటి చిన్న కొడుకు దూలాలు అమ్ముదామని ఒక్కడే వచ్చాడు. వచ్చిన రోజే పెరటి గోడ హద్దు దగ్గర అతనికీ మా మామకూ మాటా మాటా పెరిగింది.

"ఈ గోడ దాటినావంటే నీ కత ఈడనే అయిపోతాది, సూసుకో" అన్నాడు మామ, ఊరు వింటుండగా. నోటి దురద మా వంశానికే ఉంది.

మర్నాటి నుంచి అతను కనబడలేదు. తిరిగి ప్రొద్దుటూరు పోయాడనుకున్నారు. దూలాలు చూడడానికి వచ్చినవాళ్ళు వాసన పట్టి బండ తీస్తే, లోపల ఉన్నాడు.

ఒంటి మీద దెబ్బ లేదు. అయినా మామను పట్టుకుపోయారు. లోపలున్నవాడు బండ ఎలా మూసుకుంటాడు, అది ఇద్దరు మగవాళ్ళు ఎత్తే బండ అని పోలీసుల వాదన. ఏళ్ళ తరబడి మూసిన పాతరలో గాలి చెడిపోతుందని మావాళ్ళకు తెలుసు. మూత తీసి ఒక పూట వదిలేస్తారు. తర్వాత దీపం దించుతారు, అది ఆరితే ఎవరూ దిగరు. ప్రొద్దుటూరులో పెరిగినవాడికి ఇవన్నీ ఎవరు చెబుతారు? పాత ఇత్తడి సామానేదైనా ఉందేమోనని బండ పక్కకు మీటి, తీసీ తీయగానే దిగి ఉంటాడు. దిగినవాడు దిగినట్టే కూలబడి ఉంటాడు. కోర్టులో మా వకీలు చెప్పిందీ ఇదే. సాక్ష్యం లేదని మామను వదిలారు.

ఊరి జనం మాత్రం వదల్లేదు. పెళ్ళి భోజనాల బంతిలో మామ కూర్చుంటే పక్క ఆకు ఖాళీగా ఉండేది. చివరికి పులివెందుల దగ్గర అత్త పుట్టింటి ఊరు చేరి, ఒకరి చేలో పాలేరుగా కుదిరాడు.

నేను కాలేజీ నుంచి సెలవులకు వచ్చినప్పుడల్లా వాకిట్లో ఇదే గొడవ. పక్కింటి పెద్దమ్మ ఒకసారి చేతులు తిప్పుతూ అడిగింది.

"గాలికి మనిషి సస్తాడని నువ్వు సెప్తాండావు, సదువుకున్నదానివి, సరే అనుకుందాం. మరి బండ గూడా గాలే మూసిందా మే?"

దానికి జవాబు లేదని నాకు నేనే చెప్పుకుంటూ వచ్చాను.

మా వైపు నోరు తెరిచిన పాతర కనబడితే, అది ఎవరిదైనా సరే, దారిన పోయేవాళ్ళే మూసి పోతారు. మా అవ్వ, అంటే మామను కన్నతల్లి, ఇందులో మరీ పట్టుదల మనిషి. "ఎవురి బిడ్డన్నా పడితే? గొడ్డు పడినా పాపమే గదా" అనేది. ఆమె బండ ఎత్తేది కాదు. నేల మీద చతికిలబడి, రెండు కాళ్ళతో నెట్టేది. ఇద్దరు మగవాళ్ళని లెక్కగట్టిన పోలీసుల లెక్కలో ఇలాంటి ఆడవాళ్ళు లేరు.

అవ్వ పిడకలు ఎండేసుకునేది పెద్ద మిద్దె వసారాలోనే. శవం దొరికాక మళ్ళీ అటు పోలేదు. ఆ ఏడు వానలకు పిడకలన్నీ అక్కడే కరిగి పేడనీళ్ళయ్యాయి.

ఒక మధ్యాహ్నం అవ్వ కొర్రలు చెరుగుతుంటే పక్కన కూర్చుని అడిగాను.

"అవ్వా, ఆ మనిషి కనపడకుండా పోయిన పొద్దు నువ్వు పిడకలకు పోయినావా?"

చేట ఆగలేదు. "వాన్ని ఇడిసిపెట్టిరి గదా. ఇంకేం కావల్ల మే నీకు?"

"మామకు పేరు కావల్ల."

"పేరు కూడు పెడతాదా?" అని పొట్టు ఊదుకుని లేచిపోయింది. కొడుకు ఊరొదిలి పోయినప్పుడు కూడా ఆమె ఇంతకంటే మాట్లాడలేదు.

అవ్వ పోయింది. మామా పోయాడు, హంతకుడన్న పేరుతోనే. ఆ పేరు తుడవాలంటే అవ్వ సంగతి చెప్పక తప్పదు, చెప్పేశాను. నమ్మేవాళ్ళు నమ్ముతారు, మిగతావాళ్ళతో వాదించే ఓపిక నాకిక లేదు. మనిషిని చంపాలని ఆమె ఆ బండ నెట్టలేదు, అంతవరకు నాకు తెలుసు. కాళ్ళు చాపి బండకు ఆనించే ముందు, ఆ చీకటి నోట్లోకి వంగి, "ఎవురప్పా లోపల?" అని ఒక్కసారైనా పిలిచిందా?