ఎర్ర బటన్

ఆమె పట్టు ఇప్పటికీ నా మణికట్టు మీద ఉన్నట్టే ఉంటుంది. మిర్యాలగూడ రైస్ మిల్లులో అందరూ ఆమెను పెద్దమ్మ అనేవారు. కొత్తగా పనికి వచ్చిన ప్రతి ఆడమనిషికీ ముందు కొంగు బిగించి నడుముకు చుట్టేది. తర్వాత చెయ్యి పట్టుకుని ఎర్ర బటన్ దగ్గరికి తీసుకుపోయేది. మొదటి రోజు నన్నూ అలాగే తీసుకుపోయింది. దాని మీద ఏదో రాసి ఉంది. నాకప్పుడు చదవడం రాదు.

“ఒత్తు బిడ్డా.”

“మిల్లు ఆగిపోతదేమో పెద్దమ్మా. పనిల నుంచి తీసేస్తరు.”

“ఆగాలనే ఒత్తమంటున్న.”

ఆ పని పోతే మా ఇంట్లో పొయ్యి వెలగదు. అయినా ఒత్తాను. బెల్టులన్నీ ఆగి మిల్లు నిశ్శబ్దమైంది. ఓనరు ఆఫీసులోంచి పరుగున వచ్చాడు.

“ఎవలు ఆపిండ్రు?”

పెద్దమ్మ నాకు అడ్డంగా నిలబడింది.

“నేనే ఆపించిన సేటు. కొత్తామెకు నేర్పుతున్న.”

“లోడు పోయేటప్పుడే నేర్పాల్నా? ఇద్దరు ఇంటికి పోతరా?”

“పోతం. రేపు ఇంకొకామె వస్తది. ఆమె కొంగు బెల్టుల పడితే, మీరు ఉరికొచ్చేదాక ఆగుతదా?”

ఆయన ఆగిన బెల్టు వంక చూశాడు. వెనక్కి వెళ్ళాడు.

అప్పుడు వదిలింది పెద్దమ్మ నా చెయ్యి.

“సూసినవా, ఆపితే ఎవ్వలం సావలే. ఇగ పా, చీపురందుకో.”