పేర్లు లేని షజరా

పర్వీన్‌ని చూడాలంటే ముందు ఆమె చేతులు చూడాలి. లాలాగూడ నుంచి బస్సులో వచ్చి, ల్యాబులో అడుగుపెడుతూనే గాజులు తీసి మోచేతులదాకా కడుక్కుంటుంది. హెచ్‌ఐవీ నెత్తురున్న ట్యూబు పట్టుకున్న ప్రతిసారీ పెదవులతోనే బిస్మిల్లా అంటుంది. ఆ వైరస్ జన్యువుల్ని చదివి, ఏ దేశపు వైరస్ దేనికి చుట్టమో తేల్చడం ఆమె పని. వైరస్ తనను తాను తిరగరాసుకునేటప్పుడు తప్పులు దొర్లుతాయి. రెండు వైరస్‌లలో అవే తప్పులు కనిపిస్తే చుట్టరికం. ఇన్నేళ్లయినా తెరమీద ఆ చుట్టరికాల చెట్టు కొమ్మలు విచ్చుకుంటుంటే నోరు తెరుచుకునే చూస్తుంది.

మొన్న ఇంట్లో ల్యాప్‌టాప్ మీద ఆ చెట్టు చూసి, తల్లి హజీరా కళ్లద్దాలు తుడుచుకుంది.

"ఎవరి ఖాందాన్ షజరా బిడ్డా ఇది?"

వాళ్లింటి గోడమీదా ఒక షజరా ఉంది, తాతముత్తాతల వంశవృక్షం. అందులో అందరూ మగవాళ్లే.

"మనుషులది కాదమ్మీ, హెచ్‌ఐవీది. గీ కొమ్మ మన సికింద్రాబాద్ మనిషి నెత్తుట్లది. పక్కది సముద్రం అవతల, ఆఫ్రికాల ఎవరిదో. ఒకరి మొహం ఒకరు ఎన్నడు చూడలే."

"మరి ఎవరి నుంచి ఎవరికొచ్చింది?"

"గది చెట్టు చెప్పదు. నడుమ ఎంతమందున్నరో."

హజీరా వేలు ఆ కొమ్మల వెంట మెల్లగా పాకింది. "గీ చెట్టుల ఆడోళ్లు సుత ఉన్నరా?"

"ఉన్నరమ్మీ. శానామంది."

హజీరా తలమీద కొంగు కప్పుకుని, తెర ముందు రెండు చేతులూ చాచింది.

"పేర్లు తెల్వకుండ దువా ఎట్ల చేస్తవ్ అమ్మీ?"

"గోడమీద నా పేరు సుత లేదు. అల్లాకు నేను తెల్వనా?"