రాబందు పిల్లకు మా ఆవిడ గొంతు అలవాటైన వైనం

మొన్న గొంతు బొంగురుపోయి వారమైనా తగ్గకపోతే, ఇక్కడ సౌదీలో, అభా ఊళ్లోనే, మన కోస్తా వైపు నుంచి వచ్చిన డాక్టరమ్మకు చూపించుకున్నాను. ఆవిడ టార్చి వేసి చూసి, "గొంతుకి రెస్ట్ కావాలండి పెద్దాయనా, పది రోజులు అస్సలు మాట్లాడకండి" అంది. నాకు నవ్వాగలేదు. ఆవిడ నా వంక అనుమానంగా చూసింది. నోరు మూసుకుని ఉండమని నాకు నెలనెలా జీతమిచ్చిన రోజులు ఈ ఊరి పక్క కొండల్లోనే ఉన్నాయని, ఆ నౌకరీ నేనెంత అధ్వాన్నంగా చేశానో ఆవిడకేం తెలుసు పాపం!

మాది జగిత్యాల వైపు. వెల్డింగు పని వీసా మీద వచ్చాను. అభా దాటాక కొండల్లో, రాబందులను పెంచి మళ్లీ బయటికి వదిలే కేంద్రం ఒకటి కడుతుంటే, మా కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని, నన్ను పంజరాలు అతకడానికి అక్కడికి పంపాడు. ఆ పని అయిపోయాక కొందరిని అక్కడే ఉంచుకోవాలని పెద్ద మేనేజరు, మేమంతా ముదీర్ అనేవాళ్లం, ఒక్కొక్కరినీ పిలిచి మాట్లాడాడు. నాకప్పటికి అరబ్బీ ముక్క రాదు, ఇంగ్లీషు అంతకన్నా రాదు, అందుచేత ఆయన ఏమడిగినా తలొంచుకుని కూర్చున్నాను. ఆయన నన్ను సహజంగా మాటలు తక్కువ మనిషిననుకున్నాడు. బస్సెక్కితే దిగేలోపల పక్క సీటువాడి ముత్తాత పేరుదాకా రాబట్టే రకాన్నని ఆయనకెవరు చెప్పాలి? మొత్తానికి ఆ కేంద్రంలో మౌనం తప్పనిసరి అయిన ఒకే ఒక ఉద్యోగాన్ని ఏరికోరి నాకిచ్చారు.

పని చెప్పుకోవడానికి సులువే. గుడ్డులోంచి వచ్చిన పిల్లకు మనిషి కనబడకూడదు, మనిషి గొంతు వినబడకూడదు. నల్లటి తెర వెనక కూర్చుని, అచ్చం తల్లి రాబందు తలలా చేసిన తొడుగు చేతికి తొడుక్కుని, చిన్న కంతలోంచి చెయ్యి పెట్టి, ఆ బొమ్మ ముక్కుతో మాంసం ముక్కలు అందించాలి. అమెరికాలో కాండోర్లని రాబందులకు పెద్దన్నల్లాంటి పక్షులున్నాయట, ఇక అవి లేనట్టేననుకున్న కాలంలో ఇట్లాగే బొమ్మ చేత్తో పెంచి కొండల్లోకి వదిలి మళ్లీ నిలబెట్టారట. ఇదంతా మా పశువైద్యుడు, సూడాన్ నుంచి వచ్చిన పెద్దమనిషి, సైగలతోనూ వచ్చీరాని ఉర్దూతోనూ ఓపికగా చెప్పాడు. మనిషిని నమ్మిన పక్షి ఇళ్ల మీద వాలి, తుపాకీకో విషానికో బలైపోతుందని, అందుకే అలాంటిదాన్ని వదలరని, బతికినన్నాళ్లూ పంజరంలోనే ఉంచుతారని కూడా చెప్పాడు. నేను బుద్ధిగా తలూపాను.

మన ఈడువాళ్లకు రాబందుల గురించి చెప్పాలా? చిన్నప్పుడు ఊరవతల ఎద్దు చచ్చిపోతే గుంపులుగా దిగేవి, మనం దూరం నుంచే రాళ్లు విసిరి పరుగెత్తేవాళ్లం. పశువులకు వేసిన నొప్పి మందు వాటి పాలిట విషమై అవి మాయమైపోతే, పోయిన సంగతి కూడా మనం చాలా ఏళ్లకు గాని గమనించలేదు. అదే పక్షి ఇంటి మీద వాలితే మాత్రం ఇల్లు వదిలిపెట్టి శాంతి చేయించిన జనం మనం. అందుకని నేనేం పని చేస్తున్నానో మా ఆవిడకు చెప్పే ధైర్యం లేక, కోళ్లఫారంలో పని దొరికిందని చెప్పేశాను. ఆమె గుడ్ల సంగతి అడిగింది. అబద్ధం మీద అబద్ధమెందుకని ఉన్నమాటే చెప్పాను, ఏడాదికి ఒక్కటేనని. "ఏడాదికొక్క గుడ్డా? గసొంటి కోడిని ఇంకెందుకు మేపుతుండ్రు, కోసుకొని తినక!" అని మా యజమాని మీద జాలిపడింది.

ఇక అసలు తప్పు. మా ఆవిడ పొద్దుటి నుంచి బీడీలు చుట్టి, మధ్యాహ్నం అన్నం తిన్నాక కాస్త తీరిక దొరకగానే ఇమో యాప్‌లో ఫోన్ చేసేది. మనకూ సౌదీకీ ఉన్న గంటల తేడా వల్ల అది సరిగ్గా పిల్ల మేత వేళయ్యేది. తీయకపోతే సాయంత్రందాకా అలకే. అందుకని ఫోన్ చొక్కా జేబులో పెట్టి, స్పీకరు చిన్నగా వేసి, ఒక చేత్తో రాబందు తల ఆడిస్తూ వినేవాణ్ణి. నేను మాట్లాడకూడదన్నారు గాని మా ఆవిడ మాట్లాడకూడదని ఎవరూ అనలేదు కదా, నేను ఊఁ కొట్టడమే కదా అని నా సమర్థన. కోడలి మీద చాడీలు, బర్రె ఈనిన ముచ్చట, పక్కింటి గోడ తగాదా, అన్నీ వింటూ ఆ పిల్ల పెరిగింది. చివర్లో ఎప్పుడైనా ఆగలేక నేనే "దా బిడ్డా, దా" అని ముద్దుగా పిలిచేవాణ్ణి. అబద్ధమెందుకు, నా పిల్లలు చిన్నగా ఉన్నప్పుడు వెల్డింగు పనుల మీద ఊళ్లు పట్టుకు తిరిగి, వాళ్లకు ముద్ద కలిపి పెట్టే భాగ్యం నాకు లేకపోయింది, ఆ లోటంతా ఆ బోడితల పిల్ల దగ్గర తీర్చుకున్నాను.

పిల్ల పెద్దదై రెక్కలొచ్చాక కొండ అంచున పెద్ద పంజరంలోకి మార్చారు. మనుషుల్ని చూసి బెదురుతుందా లేదా అని పరీక్ష. మిగతావన్నీ మమ్మల్ని చూడగానే మూలకు దూరాయి. నాది మాత్రం, నేను పొరపాటున దగ్గగానే, రెక్కలు చాపుకుని నోరు తెరుచుకుని పరుగెత్తుకొచ్చి కమ్మీల దగ్గర నిలబడింది. సూడాన్ డాక్టరు నా వైపు తిరిగాడు. ఒక్క తిట్టు తిట్టలేదు, అందుకే నాకు ఏడుపొచ్చింది. జన్మంతా పంజరమే దానికి, నా నోటి దురద వల్ల. ఉన్నదంతా చెప్పి కాళ్లు పట్టుకున్నంత పని చేస్తే, నెల గడువిచ్చాడు, ఈలోగా దాన్ని బెదిరించమన్నాడు.

జొన్న చేలో మంచె మీద నిలబడి పిట్టల్ని తోలినవాణ్ణి, ఇదెంత పని అనుకుని మొదటిరోజు ఖాళీ నూనె డబ్బా మోగిస్తూ గొంతు చించుకుని అరిచాను. అన్నం పెట్టేవాడు ఇవాళ మేళతాళాలతో వచ్చాడనుకుందో ఏమో, ఇంకా సంబరంగా దగ్గరికొచ్చింది. ఇక గతిలేక మా ఆవిడకు నిజం చెప్పాను. "ఇన్ని దినాలు గా పీనుగుల పిట్టకు నా గొంతు ఇనిపిచ్చినవా?" అని రెండు రోజులు ఫోన్ తీయలేదు. మూడో రోజు తనే చేసి, "మరి గా పిల్ల జిందగీ అంత పంజరంలనేనా?" అని అడిగి, ఏం చేయాలో చెప్పమంది.

అప్పట్నుంచి రోజూ అదే వేళకు స్పీకరు పెద్దగా పెట్టేవాళ్లం. ఆమె గొంతు వినగానే పిల్ల వచ్చేది, నేను ఎదురుగా కనబడేవాణ్ణి, వెంటనే మా పాకిస్తానీ ఫోర్‌మన్ మరో ఇద్దరితో కంబళ్లు విదిలిస్తూ, డబ్బాలు కొడుతూ, పైపుతో నీళ్లు చిమ్ముతూ మీదపడేవాడు. ఏదో ఒకటి గట్టిగా తిట్టాలి గనక మా ఆవిడ నన్నే తిట్టేది, పెళ్లినాటి నుంచి దాచుకున్నవన్నీ వరసపెట్టి బయటికి తీసేది. ఫోర్‌మన్‌కు ఒక్క మాట అర్థం కాకపోయినా, భాభీ చాలా మనసుపెట్టి పనిచేస్తోందని మెచ్చుకునేవాడు. తిట్లయిపోయాక మాత్రం ఆమె గొంతు తగ్గించి, "ఇయ్యాల బెదిరిందా?" అని అడిగేది. బెదరలేదంటే దిగులు. ఒకరోజు ఆమె హలో అనగానే అది ఎగిరి అవతలి మూలకు పోయింది. ఆ సంగతి చెబితే, బీడీల పని ఉందని ఫోన్ పెట్టేసింది.

వదిలేరోజు పొద్దున డాక్టరు కడపటి పరీక్ష పెట్టాడు. తలుపు తీస్తారు, నేను మాంసం పట్టుకుని ఎదురుగా నిలబడి పిలవాలి, వచ్చిందా, తలుపు మళ్లీ మూసేస్తారు. మొక్కుబడిగా పిలిస్తే కుదరదన్నాడు. నిజంగానే పిలిచాను, "దా బిడ్డా, దా" అని, ఇంతకుముందెన్నడూ పిలవనంత ప్రేమగా. అది తల తిప్పి చూసింది. ఒక్క అడుగు నా వైపు వేసింది. అంతలో ఏం గుర్తొచ్చిందో ఉలిక్కిపడి, వెనక్కి తిరిగి, లోయలోకి దూకి రెక్కలు విప్పింది. ఫోర్‌మన్ నన్ను కావలించుకున్నాడు. నేను ఏడుస్తున్నానో నవ్వుతున్నానో అతనికీ తెలియలేదు, నాకూ తెలియలేదు.

ఇప్పుడక్కడ మాంసం గొట్టంలోంచి దానంతటదే జారిపడుతుందట, పిల్లల్ని కెమెరాలు చూసుకుంటాయట, నాలాంటి వాగుడుకాయలతో పనే లేదు. మంచిదే. మా ఊరి ఆకాశం ఇంకా ఖాళీగానే ఉంది గాని, ఈ కొండల మీద అప్పుడప్పుడు రెక్కకు నంబరు బిళ్లతో ఒకటి కనబడుతుంది. రోడ్డు మీద మనుషుల్ని చూడగానే పక్కకు తిరిగి దూరంగా పోతుంది. నాదే అయితే, అలా పోవడమే దానికి క్షేమం. నన్ను చూసి బెదిరిపోవాలనే నేను కోరుకుంటాను, అది బెదిరి పోయాక మాత్రం ఆ కొండ వైపే చూస్తూ కాసేపు కాళ్లు కదలక నిలబడిపోతాను.