ఒందర్రిబియా రేవులో మా వారు

పోయిన ఆదివారం టెక్సస్‌లో, ప్లేనోలోని మా తెలుగు చర్చిలో ఆరాధన అయ్యాక, బిర్యానీ ప్లేట్లు పట్టుకుని నిలబడి ఉంటే, కొత్తగా పెళ్ళయిన ఒకమ్మాయి వచ్చి, "ఆంటీ, మీరు స్పెయిన్ వెళ్ళారట కదా. మేం సమ్మర్‌కి టికెట్స్ బుక్ చేస్తున్నాం. ఆ ఫ్రాన్స్ బోర్డర్ దగ్గర ఊళ్ళో వాకింగ్ టూర్ బాగుంటుందా?" అని అడిగింది. బాగుంటుందమ్మా అన్నాను. ఇంకేదో చెప్పబోయి, ప్లేటు పక్కన పెట్టి కళ్ళు తుడుచుకున్నాను. కారం ఎక్కువైందనుకుని ఆ పిల్ల నీళ్ళ బాటిల్ తెచ్చి ఇచ్చింది.

ఆ ఊరి పేరు ఒందర్రిబియా. స్పెయిన్‌కి ఉత్తరాన ఉండే బాస్క్ వాళ్ళ ఊరు. నాకు ఆ పేరు పలకడం వచ్చేసరికి తిరుగు ప్రయాణం రోజు వచ్చింది. మా వారికి గ్రీన్ కార్డ్ వచ్చాక మేం చేసిన మొదటి విహారం అదే, చివరిదీ అదే. అంతకుముందు అమెరికా దాటాలంటే ఆయనకి వణుకు. ఆ వణుకు ఊరికే రాలేదు. చిన్నప్పుడు తల్లి పోతే ఆయన్ని పెంచింది బందరులో ఉన్న పెద్దక్క. ఆవిడ కన్నుమూసే నాటికి మా గ్రీన్ కార్డ్ అప్లికేషన్ పెండింగులో ఉంది, ట్రావెల్ పర్మిషన్ ఇంకా రాలేదు. ఇప్పుడు దేశం దాటితే అప్లికేషన్ పోయినట్టేనన్నాడు లాయరు. అక్క భూస్థాపన ఆయన ఫోన్‌లో చూశారు. మధ్యలో సిగ్నల్ పోతే ఫోన్‌ని అటూ ఇటూ తిప్పారు తప్ప కంట తడి పెట్టలేదు. మర్నాడు మామూలుగా ఆఫీసు పనికి లాగిన్ అయ్యారు. ఈ మనిషికి ఏడుపైనా రాదా అని నాకు కోపం కూడా వచ్చింది.

టూర్ రోజున కూడా ఆయన చంకలో జిప్పు ఫైలు ఉంది. అందులో పాస్‌పోర్టులు, పాత అప్రూవల్ నోటీసులు, ఉద్యోగం లెటరు, ఆఖరికి మా పెళ్ళి సర్టిఫికెట్. కోట చూడ్డానికి పెళ్ళి సర్టిఫికెట్ ఎందుకండీ అంటే, "అడిగితే?" అన్నారు. గైడు హుషారైన నడివయసు మనిషి. రాతి ద్వారం, ఫిరంగి దెబ్బలు తిన్న గోడలు, నీలమూ ఆకుపచ్చా వేసిన చెక్క బాల్కనీలు చూపించింది. నీళ్ళు కనబడే చోట ఆగి, అవతలి ఒడ్డు ఫ్రాన్స్ అనీ, ఈ గోడలు కట్టింది ఒకప్పుడు అటువాళ్ళని ఆపడానికేననీ చెప్పింది. మా వారు బడిపిల్లాడిలా చెయ్యెత్తి, ఇమ్మిగ్రేషన్ కౌంటర్ ఎటువైపు ఉంటుందని అడిగారు. ఆవిడకి ప్రశ్నే అర్థం కాలేదు. పడవ ఎక్కడమే, అటువాళ్ళు రోజూ ఇటొచ్చి భోంచేసి పోతుంటారు, అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆయన మాత్రం నీళ్ళ వంకే చూస్తూ ఉండిపోయారు.

కాసేపటికి మోకాలు నొప్పన్నారు. "నువ్వు చూసి రా, నేనిక్కడ కూర్చుంటా" అని ఫైలు నా చేతికిచ్చారు. దాన్ని ఆయన ఇంకొకరి చేతికివ్వడం నేనెప్పుడూ ఎరగను, అయినా నాకేమీ తట్టలేదు. పాత చర్చి చూసి, కోట ముందు ఫొటోలు దిగి వచ్చేసరికి బెంచీ ఖాళీగా ఉంది. వాలు వీధుల్లో పడి, జాలరుల పేట దాటి, రేవు దాకా ఇంచుమించు పరుగెత్తాను. అక్కడ ఒక చిన్న పడవ ఒడ్డుకు వస్తోంది. అందులోంచి మా మోకాలు నొప్పి మనిషి చలాకీగా దిగారు.

"పాస్‌పోర్ట్ నా దగ్గర పెట్టి ఎలా వెళ్ళారండీ? ఎవరైనా అడిగితే?" అన్నాను.

"ఎవరూ అడగలేదు. అటు దిగాను. ఒకావిడ కుక్కని తిప్పుకుంటోంది, నా వంక కూడా చూడలా. మళ్ళీ ఎక్కి వచ్చేశా. ఇంతేనా బోర్డరంటే?"

అలా అని గట్టు మీద కూర్చున్నారు. పక్క హోటల్లో చేపలు కాలుస్తున్నారు. "అక్క వంటింటి వాసన" అన్నారు. "ఏమైతే అదయిందని వెళ్ళుండాల్సింది" అన్నారు. అప్పుడు ఏడ్చారు. అక్క పోయిన ఇన్నేళ్ళకి, ముక్కూ మొహం తెలియని ఊళ్ళో, వెక్కివెక్కి ఏడ్చారు. నేను ఒక చేత్తో ఫైలు పట్టుకుని, రెండో చేత్తో ఆయన వీపు నిమురుతూ కూర్చున్నాను. మా గుంపు అటే వస్తోంది. గైడు మమ్మల్ని చూసి, ఏమీ ఎరగనట్టు వాళ్ళని ఇంకో వీధిలోకి మళ్ళించింది. ఆ తల్లికి నా జీవితాంతం రుణపడి ఉంటాను.

ఆయన పోయి ఇది రెండో చలికాలం. ఆ రోజు ఆసుపత్రిలో ఆయన ఐడీ ఏదైనా ఒకటి కావాలన్నారు. నేను అలవాటు కొద్దీ ఫైలంతా తీసుకెళ్ళాను. పాస్‌పోర్టు కోసం వెతుకుతుంటే మా పెళ్ళి సర్టిఫికెట్ చేతికొచ్చింది. అది పట్టుకుని అక్కడే కూలబడిపోయాను.

నిన్న సాయంత్రం ఆ అమ్మాయికి ఫోన్ చేశాను. టూర్ సగంలో వదిలేసినా ఫర్వాలేదు, పడవ మాత్రం ఎక్కండి అన్నాను.

"అటు వెళ్ళడానికి ఎంతసేపు పడుతుంది ఆంటీ?"

కాసేపేనమ్మా అన్నాను. ఆ కాసేపటి దూరం దాటడానికి మా వారు వయసంతా కాగితాలు సర్దుకుంటూ గడిపారు. సర్దడం పూర్తయ్యేసరికి, బందరు వెళ్ళి చూడాల్సిన మనిషి లేకుండా పోయింది.