తేటనీళ్ళ మీద ఫిర్యాదు

నల్లనీళ్ళు వచ్చినన్నాళ్ళూ మా చేతిలో ఒక రుజువు ఉండేది. బోధన్ దారిలో బెల్లంపాకంతో పిప్పరమెంట్లు చేసే చిన్న కార్ఖానా ఒకటుంది. గంగాళాలు కడిగిన నీళ్ళు మా వాగులోకి వదిలేవారు. వాటిని సీసాలో పట్టి నిజామాబాద్ కాలుష్య నియంత్రణ ఆఫీసులో బల్ల మీద పెడితే చాలు, నేను నోరు విప్పే పని లేదు. సారు ముక్కు మూసుకునేవాడు.

ఈ ఎండాకాలం కార్ఖానా వాళ్ళు తొట్లు కట్టారు. ఒకదాంట్లో సున్నం, ఇంకోదాంట్లో పటిక కలిపి, మడ్డి అడుగుకు దిగాక పైనీళ్ళు వదులుతారట. చూడమని ఊరిని పిలిచారు. మేనేజరు ఆ నీళ్ళు పట్టిన గాజుగ్లాసు ఎండకు ఎత్తి, "సూడు కాక, ఇంకేడున్నది నలుపు?" అన్నాడు. అందరూ చప్పట్లు. ఎందుకు కొట్టరు? వానాకాలం బురదనీళ్ళ బిందెలో అవ్వ పటికగడ్డ తిప్పితే తేరుకున్న నీళ్ళు తాగి పెరిగినవాళ్ళం. మాకు తేటనీళ్ళంటే మంచినీళ్ళే. మోసపోయింది అక్కడే.

బడిలో నేను చదివింది తక్కువ. తూకానికి అమ్మే పాత పుస్తకాలు కొని చదువుకున్నాను. ఇది తెలియడానికి పుస్తకమూ అక్కర్లేదు. గ్లాసు నీళ్ళలో చెంచా చక్కెర కలిపి చూడండి, తేటగానే ఉంటుంది. చక్కెర ఎక్కడికి పోయింది? సున్నం, పటిక తేలే మడ్డిని దించుతాయి, కరిగిన తీపిని దించలేవు. కంటికి కనపడని క్రిములు ఆ తీపిని తింటూ నీళ్ళలోని గాలినంతా వాడేస్తాయి. ఇక చేపకు ఊపిరేది? ఆ క్రిముల పని తొట్టిలోనే అయిపోవాలి, దానికి గాలికొట్టే మిషను పెట్టాలి.

"గాలి కొట్టే తొట్టేది?" అని అక్కడే మేనేజరును అడిగాను.

"కాకకు ఎంత తేటగ జేసినా నల్లగనే కనవడ్తది. కంటాపరేషన్ జేయించురి!" అన్నాడు మేనేజరు.

ఊరంతా నవ్వింది. నవ్వితే నవ్వనీ. మా అక్క చేను వాగు ఒడ్డునే ఉంది. చేన్లో కుంట తవ్వించి చేపపిల్లలు పోసింది. ఎండలకు కుంట అడుగంటుతోంది, బోరులో సన్నటి ధార తప్ప రావడం లేదు. వాగుకు గండి తీస్తానని అక్క పార భుజాన వేసుకుంది.

"వద్దక్కా. దాంట్ల చక్కెరున్నది."

"తీపి తింటె చేపలు బలుస్తయి గదరా! నీ పుస్తకం గాదు తమ్మీ, చేప చెప్పాలె."

అన్నట్టే ఒక బకెట్లో బోరునీళ్ళు, ఒక బకెట్లో వాగునీళ్ళు పట్టి, రెండింట్లో చేపపిల్లలు వేసింది. తెల్లారేసరికి బోరునీళ్ళవి అడుగున తిరుగుతున్నాయి. వాగునీళ్ళవి పైకొచ్చి నోళ్ళు తెరిచి కొట్టుకుంటున్నాయి. అక్క వాటిని దోసిట పట్టి మొదటి బకెట్లోకి మార్చింది. పార గోడకు ఆనించింది.

"ఆఫీసుకు పో. కార్ఖానోళ్ళనే ట్యాంకరుతోని మంచినీళ్ళు పొయ్యమను. లేకుంటె ఉన్నకాడికి వలేస్త."

వాగునీళ్ళ సీసాతో నిజామాబాద్ పోయాను. సారు దాన్ని కిటికీ వెలుగుకు పట్టాడు. "పెద్దాయనా, దీంట్ల ఏమున్నదని తెచ్చినవ్?" అని బల్ల మీద పెట్టేశాడు. అంతలో ఎండన పడి వచ్చిన అటెండరు సీసా మూత తిప్పాడు.

"ఏయ్, తాగకు!" సారు కుర్చీలోంచి లేచాడు.

"ఎందుకు సారూ? ఏం లేదంటిరి గద," అన్నాను.

ఆయన నా వంక చూడలేదు. సీసాను బల్ల కిందికి జరిపి, "పరీక్షకు పంపుతం, పో" అన్నాడు.

నేను చేను చేరేసరికి అక్క గట్టు మీద కూర్చుని వల విప్పుతోంది.

"ఏమన్నడు?"

"తాగొద్దన్నడు."

"ట్యాంకరు?"

"పరీక్షయినంక సూస్తరట."

"పరీక్ష దాక ఇవి ఆగుతయా?" చీర కుచ్చెళ్ళు ఎగదోపి కుంటలోకి దిగింది. వలలో పడ్డవి చూపుడువేలంత కూడా లేవు.

వాగు తళతళా పారుతోంది. అవతలి ఒడ్డున ఎవరిదో మోటారు వాగునీళ్ళు తోడడం మొదలుపెట్టింది. ఎవరి చేనుకో, ఎవరి కుంటకో అని నేను చెప్పులు చేతపట్టుకుని అటు నడిచాను.