మామ నడుము, నా దొంగ కాలు

తెల్లదొరల కాలంలో, కురిచేడు పక్కన మా ఊళ్లో, నా ఒక్క కాలు ఒక పెళ్లిచూపుల్ని ముంచేసింది. ఆ కాలు ఇంకా నాకే ఉంది. నమ్మకపోతే వచ్చి చూసుకోండి.

మా వైపు నడుం పట్టేస్తే ఎదురుకాళ్లతో పుట్టిన మనిషి కోసం వెతుకుతారు. "వాళ్లు లోకంలో మొదట పెట్టింది పాదమే గదా, మందంతా అందులోనే ఉంటాది" అని మా అవ్వ ఈ వైద్యం పుట్టుక చెప్పేది. విరవడం, గుద్దడం ఉండవు. పిట్ట వాలినట్టు బొటనవేలితో నడుం తాకాలి, అంతే. అమెరికాలో ఎవరో వెన్నుపూసల్ని చేత్తో సవరించే వైద్యం కనిపెట్టినారని తర్వాత పేపర్లో చదివి, పాపం, చేతుల దాకే వచ్చినారే అనుకున్నా.

ఆ పొద్దు మామ చెన్నయ్య పొట్టేలును ఎత్తబోయి వాకిట్లో కూలబడినాడు. మధ్యాహ్నం రైలుకు గిద్దలూరు వాళ్లు ఆయన కూతురు నాగమ్మను చూడను వస్తున్నారు. ఆ నాగమ్మ కోసమే నేను మీసం దువ్వుకుంటా కాచుకొని ఉన్నా.

"ఎదురుకాళ్లోడు ఎవడన్నా ఉంటే పిలవండ్రా! నన్ను లేపినోడికి అడిగింది ఇస్తా!" అని మామ అరిచినాడు.

మా అందరికీ పురుడు పోసిన అవ్వ, అంటే మామ తల్లి, త్రిపురాంతకం పోయి ఉంది. సాక్షి లేదు. నా నోరు ఊరుకోలేదు.

"నేనుండాను గదా మామా!"

"నువ్వా? ఎప్పుడూ చెప్పలేదే!"

"గొప్పలు చెప్పుకోను మామా."

మామ బోర్లా పడుకున్నాడు. ఊరంతా వాకిట్లో మూగింది. పొట్టేలు నెమరు ఆపింది. నాగమ్మ చూస్తోందని కాలు కాస్త ఎత్తుగా లేపినా.

"మెల్లగా రా నాయనా..." అన్నాడు మామ.

ఇంకాస్త లేపినా. నడుం కలుక్కుమంది. మామది కాదు, నాది!

కాలు గాల్లోనే బిగుసుకుపోయింది. దించలేను, ఎత్తలేను.

"పడిందా కాలు?"

"వస్తా ఉంది మామా."

"ఎంతసేపు రా? గిద్దలూరు నుంచి వస్తాందా?"

అప్పుడే అవ్వ మూటతో వాకిట్లోకి దిగింది. "ఏందిరా ఈ కొంగ జపం?"

"నేను ఎదురుకాళ్లతో పుట్టినా గదా అవ్వా..."

"నీ మొగం! గుమ్మడికాయంత తలతో వచ్చి మీ అమ్మను చంపినంత పని చేసినావు. ఎదురుకాళ్లది మన నాగమ్మ! తెలిస్తే ఊరంతా మన వాకిట్లోనే బోర్లా పడుకుంటాదని ఇన్నాళ్లూ దాచినా."

నేను మామ పక్కనే బోర్లా పడినా.

"కన్నబిడ్డ కాలు నాకు తగలకూడదు, పాపం" అన్నాడు మామ.

"నీకు వద్దులే. వీణ్ణి తాకమ్మే" అన్నది అవ్వ.

నాగమ్మ బొటనవేలు నా నడుం మీద వాలిందో లేదో, గిద్దలూరు వాళ్లు ఎక్కి వచ్చిన ఎద్దులబండి వాకిట ఆగింది. పెళ్లికొడుకు నాయన కళ్లు తేలేసినాడు. "మొగోణ్ణి పడేసి తొక్కే పిల్ల మాకొద్దు! బండి తిప్పరా!"

"ఆగండయ్యా! అది వైద్యం!" అని మామ ఎగిరి లేచి బండి వెనక పరిగెత్తినాడు. నడుం పట్టిన సంగతి ఊరి బయటగానీ గుర్తురాలేదు. నొప్పి పోయింది. సంబంధమూ పోయింది.

"లేపినోడికి అడిగింది ఇస్తానంటివంట గదా" అని అవ్వ తీర్పు చెప్పింది. "వీడి వల్లనే లేచినావు. పిల్లనియ్యి."

నల్లమల సాక్షిగా ఒట్టేస్తున్నా: ఎదురుకాళ్లతో పుట్టినానని ఇక జన్మలో చెప్పను. అసలు కాలు, నాగమ్మది, ఇప్పుడు నా ఇంట్లోనే ఉంది. నేను కోతలు కోసినప్పుడల్లా వైద్యం నడుస్తానే ఉంది. మెల్లగానే తాకినా అని నాగమ్మ అంటుంది.